గంగులు కట్టిన మౌంటింగులు

ఆమదాలవలస,
10-12-1968.

అన్నయ్య గంగులుకు నీ చెల్లెలు లక్ష్మణమ్మ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మీ బావ పోయాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉన్నవాళ్ళం తింటున్నాం, తిరుగుతున్నాం. అమ్మ బాగా నీరసపడింది. రోజూ వీధిగుమ్మంలో కూర్చుని, గంగులొచ్చినాడేటే అని అడుగుతుంది.

నువ్వు దినానికి కూడా రాలేదు. నాకు కోపం వచ్చింది, దాచను. చెల్లెలి మొగుడు పోతే రాయగడలో రిపేరు షెడ్డు వదిలి రాలేనంత పనా అని తిట్టుకున్నాను. మొన్న మీ బావ తోటి డ్రైవరు నూకయ్య నిన్ను చూసి వచ్చి చెప్పాడు, నువ్వు అన్నం సరిగా తినడం లేదని. నాను కట్టిన మౌంటింగులే బావని పొట్టన పెట్టుకున్నాయేటో సెల్లిని కనుక్కో అని ఏడ్చావట.

అన్నయ్యా, ఆ పాత పెట్రోలు కారుకి డీజిలు ఇంజను వేయించాలని పట్టుబట్టింది మీ బావే. పెట్రోలు పోసి టాక్సీ నడపడం నా వల్ల కాదన్నాడు. ఇది బరువు ఇంజను, ఈ బండి దీనికి పుట్టింది కాదు అని నువ్వు ఎంత మొత్తుకున్నావో నాకు గుర్తుంది. చివరికి ఇనుప ప్లేట్లు కోసి, వంచి, వెల్డింగు పెట్టి, కింద రబ్బరు దిమ్మలు వేసి, ఆ మౌంటింగుల మీద నువ్వే ఆ ఇంజనుని కూర్చోబెట్టావు. బ్రేకు తొక్కి, గేరు వేసి, క్లచ్చి మెల్లగా వదలమని మీ బావకి చెప్పి, బోనెట్టు ఎత్తి చూశావు. ఇంజను వేలెడంత కూడా లేవలేదు. కదల్లేదు బావా, ఏనుగులా కూకున్నాది అన్నావు. మీ బావ పొంగిపోయి నిన్ను ఎత్తుకున్నంత పని చేశాడు.

కాబట్టి విను. శ్రీకాకుళం నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి బండి కిందకి దూరి చూశాడు. మౌంటింగులు చెక్కుచెదరలేదన్నాడు. పాలకొండ రోడ్డు మలుపులో గేదె అడ్డం వచ్చిందట, తప్పించబోయి కాలవలో పడ్డాడు. అంతే. నీ తప్పేమీ లేదు. ఆ దిగులు వదిలేసి ఒక్కసారి వచ్చి అమ్మకి కనబడు. నన్ను ఓదార్చక్కర్లేదు, నా పక్కన కాసేపు కూర్చుంటే చాలు.

ఇట్లు,
నీ చెల్లెలు
లక్ష్మణమ్మ

తా.క. ఉత్తరం మడిచాక, తీసుకెళ్ళడానికి నూకయ్య వచ్చాడు. నీ షెడ్డులో ఇంకో కారుకి కూడా డీజిలు ఇంజను ఎక్కించావట. మౌంటింగులు మన బండికి కట్టినట్టే కట్టావట. సెల్లి కబురు రానీ, బావ బండివి బాగున్నాయంటే ఈ బండి ఇచ్చేస్తాను అన్నావట. అది విని మడిచిన ఉత్తరం మళ్ళీ విప్పాను.

పైన రాసింది అబద్ధం. గేదె లేదు. ఎడమపక్క ప్లేటు వెల్డింగు దగ్గర విరిగి, ఇంజను స్టీరింగు రాడ్డు మీద పడింది. స్టీరింగు తిరగలేదు. విరిగినచోట సగం తుప్పు, సగం తెల్లగా మెరుస్తోంది. తుప్పు పట్టిన సగం ఎప్పుడో పగిలిందని ఇన్‌స్పెక్టరు అన్నాడు. దసరాకి బండి పూజలో మౌంటింగులకి కూడా పసుపు పూసి కుంకుమ పెట్టాం. పగులు ఆ పూత కిందే ఉంది. పండగ తర్వాత నువ్వు వచ్చి గుడ్డతో తుడిచి చూడబోతే, పూజసేసిన కుంకం తుడిసీకు బావా, మీ సెల్లికి మంచిది కాదు అని మీ బావే ఆపాడు. నువ్వు ఆగిపోయావు.

విరిగిన ముక్క గుడ్డలో కట్టి నూకయ్య చేతికిచ్చాను. నీ కళ్ళతో చూడు. ఆ కారుకి ఇంకా దళసరి ప్లేటు వేసి, మూలకి మరో ముక్క దన్నుగా వెల్డింగు పెట్టు. ఖాళీ బండి నిలబెట్టి చూస్తే తెలియదని ఇన్‌స్పెక్టరే అన్నాడు. జనాన్ని ఎక్కించి, గతుకుల్లో తిప్పి, మళ్ళీ కిందకి దూరి చూడు. ఆ కారు వాళ్ళ ఇంటి ఇల్లాలు కుంకుమ తుడవొద్దంటే వినకు. నా సంగతి చెప్పి తుడువు.

ఇదంతా తెలిశాక కూడా నువ్వు రా అన్నయ్యా. అమ్మకి పై ఉత్తరమే చదివి వినిపించాను.