గాలానికి రెండో మనిషి

ధర్మవరం,
1998 మే నెల, సోమవారం

ఎర్రగట్టు చెరువు గాలం మిత్రుల సంఘం కార్యదర్శి సంజీవప్ప గారికి, హిందూపురం,

ధర్మవరం నుంచి మగ్గం ఈశ్వరప్ప నమస్కరించి రాసుకునేది. నేను బాగున్నాను. మీరు బాగుండి, మీ సంఘం బాగుండి, ఈ ఉత్తరం ఆఖరు దాకా చదివే తీరిక మీకు ఉండాలని కోరుకుంటున్నాను.

ఆదివారం పొద్దున ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగి, ఎర్రగట్టు చెరువులో గాలం వేసుకుని, సాయంత్రం బండికి ఇల్లు చేరే మనిషిని నేను. నిన్న పోతే గట్టు మీద కొత్త బోర్డు నిలబడి ఉంది. చేపల సంరక్షణ కోసం సవరించిన నిబంధనలట. కింద మీ పేరు. గాలం వేసేవాళ్లంతా దాని చుట్టూ మూగి ఉన్నారు. సోమందేపల్లి లారీ డ్రైవరు ఒకాయన, "ఇంగ చేపలకు గూడా రేషన్ కార్డు ఇస్తారేమో చూడప్పా" అన్నాడు. ఇంకొకాయన, "చిన్నదాన్ని ఇడిసిపెట్టాలంట. ఇడిస్తే అది పెద్దదై మళ్లా నా గాలానికే వస్తాదా? యాడన్నా రాసిచ్చినారా?" అని ఆ బోర్డుతోనే తగువు పెట్టుకున్నాడు.

నాకు తగువు లేదు. చిన్న చేపను వదలమన్నారు, న్యాయం. మందు వేసి చంపొద్దన్నారు, మరీ న్యాయం. నా బాధంతా ఏడో నిబంధనతో. గాలం వేసే ప్రతి మనిషి పక్కనా రెండో మనిషి ఒకరు ఉండాలి, చిన్న చేపను ప్రాణంతో వదిలినట్టు ఆ రెండో మనిషి సంతకం చేయాలి అని రాశారు.

అయ్యా, నాకు రెండో మనిషి లేరు. మా పట్టుచీరకు అంచు వేరే రంగులో నేయాలంటే మగ్గానికి ఆ పక్క ఒకరు కూర్చోవాలి. మా ఇంట్లో ఆ పక్క కూర్చునేది నా భార్య చౌడమ్మ. ఆమె పోయినాక కూలికి ఒకణ్ణి పెట్టి చూశాను. చెయ్యి బాగానే ఆడుతుంది గానీ నోరు ఆడదు. పొద్దంతా ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట లేకుండా నేయడం నా వల్ల కాక మగ్గం ఆపేసి గాలం పట్టాను. దీనికి ఒక్కడే చాలు కదా అని. ఇప్పుడు దీనికీ ఇద్దరంటే నేనేం కావాలి? ఆదివారం ఇంట్లో ఉంటే నన్ను పలకరించే ప్రాణి ఉండదు. గట్టు మీద కనీసం నలుగురు కనబడతారు. దయ ఉంచి ఏడో నిబంధన నుంచి నన్ను తప్పించండి.

ఇట్లు, మీ బోర్డు కింద నిలబడిన
ఈశ్వరప్ప

తా.క.: జానెడు కంటే చిన్న చేపను వదలమన్నారు. ఎవరి జాన? నాది పొట్టి చెయ్యి. నాకు పెద్దదైన చేప ఆ లారీ డ్రైవరుకు చిన్నదవుతోంది.

*

హిందూపురం,
మే నెల, శుక్రవారం

శ్రీయుత ఈశ్వరప్ప గారికి,

సంఘం తరఫున నమస్కారాలు. మీ ఉత్తరాన్ని కార్యవర్గం ముందు పెట్టాము. చర్చ చాలాసేపు జరిగింది. మీ మీద జాలిపడ్డవారు ఉన్నారు, నిబంధన నిబంధనే అని పట్టుబట్టినవారూ ఉన్నారు. మాటా మాటా పెరిగింది. మధ్యలో కాఫీ తాగి, చివరకు మినహాయింపు కుదరదని ఏకగ్రీవంగా తీర్మానించాము.

చేప పిల్ల ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే మన కూరలోకి వచ్చేస్తుంటే చెరువులో నీళ్లూ గట్టు మీద మనమూ తప్ప ఏమీ మిగలదు. వదిలామని చెప్పేవాళ్లే గానీ వదిలేవాళ్లు తక్కువ. అందుకే రెండో మనిషి.

ఆ మనిషికి గాలం వేయడం రావలసిన పని లేదు. పక్కన కూర్చోగలిగితే చాలు. పేర్లు రాసి పంపితే జోడీ కార్డు పంపుతాము.

చేపల మేలు కోరే
సంజీవప్ప, కార్యదర్శి

తా.క.: జాన విషయమై ఉపసంఘం వేశాము. అధ్యక్షుల వారి చెయ్యే ప్రమాణమని తేల్చింది. వారు ప్రస్తుతం అందుబాటులో లేనందున నా చెయ్యి కాగితం మీద గీసి పంపుతున్నాను.

*

ధర్మవరం,
మే నెలాఖరు

కార్యదర్శి గారికి,

ఈశ్వరప్ప నమస్కారాలు. మీ చెయ్యి క్షేమంగా చేరింది. మరిచిపోకుండా గోడకు అంటించాను. పాలు పోసే బుజ్జమ్మ చూసి, "ఏం మామా, ఓట్లు అయిపోయినాయి గదా, ఇంగా ప్రచారం చేస్తాండావు?" అని నవ్వింది.

రెండో మనిషి దొరికాడు. గట్టు మీద ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముకునే పోతులయ్య. ఆదివారాల్లో నన్ను "ఏమబ్బా, పడినాయా?" అని అడిగేది ఆయనొక్కడే. నా పక్కన కూర్చుంటావా అంటే, "కూర్చునేదానికి నాకేం నొప్పి? ఎట్లాగూ కాళ్లు లాగుతాండాయి. ఊరికే మాత్రం కూర్చోను, శెనక్కాయలు కొని తినాల" అన్నాడు. ఒప్పుకున్నాను. మీరు అడిగినట్టే కింద పేర్లు రాస్తున్నాను.

పోతులయ్య
ఈశ్వరప్ప

ఇట్లు, కార్డు కోసం ఎదురుచూసే
ఈశ్వరప్ప

తా.క.: పోతులయ్యకు సంతకం రాదు, వేలిముద్ర వేస్తాడు. శెనక్కాయల తేమకు ముద్ర అలుక్కుపోతే కోప్పడకండి.

*

హిందూపురం,
జూన్ నెల, బుధవారం

శ్రీయుత ఈశ్వరప్ప గారికి,

నమస్కారాలు. శ్రీ పోతులయ్య గారికి ఎర్రగట్టు చెరువులో గాలం వేయడానికి అనుమతి ఇస్తూ, వారి పక్కన రెండో మనిషిగా మిమ్మల్ని నియమిస్తూ జోడీ కార్డు పంపుతున్నాము. సొంత సరదా పక్కన పెట్టి స్నేహితుడి కోసం ఇంత శ్రమపడిన మీ మంచితనాన్ని కార్యవర్గం లేచి నిలబడి మెచ్చుకున్నది.

అభినందనలతో
సంజీవప్ప, కార్యదర్శి

తా.క.: రెండో మనిషి గాలాన్ని ముట్టుకోరాదు. ఇది గట్టి నిబంధన.

*

ధర్మవరం,
జూన్ నెల, సోమవారం

కార్యదర్శి గారికి,

ఈశ్వరప్ప రాసేది. ఈసారి క్షేమ సమాచారాలు లేవు.

అయ్యా, గాలం నాది! చీర నేసి షావుకారుకు పంపేటప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ ఆ పక్క కూర్చున్నవాళ్ల పేరే ముందు రాస్తాం. కష్టం వాళ్లది, పేరు మనదా అని చౌడమ్మతో పెళ్లయిన కొత్తలో నేనే పెట్టిన పద్ధతి. చెయ్యి అలవాటు కొద్దీ పోతులయ్య పేరు ముందు రాసింది. మీరేమో ముందున్నవాడే గాలం మనిషి అనుకున్నారు.

కార్డు లారీ డ్రైవరు లాక్కుని గట్టుగట్టంతా వినబడేట్టు చదివాడు. ఇంకేముంది, నా గాలం తీసి పోతులయ్య చేతికిచ్చారు. నన్ను పక్కన కూర్చోబెట్టారు. జన్మలో గాలం పట్టని మనిషి, కొక్కేనికి ఒక శెనక్కాయ గుచ్చి నీళ్లలో వేసి ఆవులించాడు. నేను ఇన్నేళ్లుగా వానపామనీ రాగి సంగటనీ మార్చి మార్చి వేసినా తొంగిచూడని బొచ్చె చేప, ఆయన ఆవులింత అయిపోకముందే పడింది. మీ చేతికి రెండింతలుంది. గట్టంతా ఈలలు వేశారు. ఆయన గాలం వదలడు. శెనక్కాయలకు వచ్చినవాళ్లను ఊరికే పంపలేక పొట్లాలు నేను కట్టి ఇచ్చాను. ఆఖర్న రెండో మనిషిగా సంతకం కూడా పెట్టి వచ్చాను.

వెంటనే ఈ కార్డు రద్దు చేసి సరైనది పంపండి.

ఇట్లు, గాలం ఉండీ వేయలేని
ఈశ్వరప్ప

తా.క.: పొట్లాలు నేను కడితే ఎక్కువ పడతాయని జనం అప్పుడే అనుకుంటున్నారట. పోతులయ్యకు అదొక కోపం.

*

హిందూపురం,
జూన్ నెల, బుధవారం

శ్రీయుత ఈశ్వరప్ప గారికి,

నమస్కారాలు. జోడీలో తగాదా వచ్చినట్టు మీ ఉత్తరం వల్ల అర్థమై కార్యవర్గం చాలా బాధపడింది. ఒకరంటే ఒకరికి పడనివాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టడం చేపలకు కూడా మంచిది కాదు. మీరు కోరినట్టే కార్డు రద్దు చేశాము. మీ ఫిర్యాదు మీదనే రద్దు చేసినట్టు తెలుపుతూ పోతులయ్య గారికి విడిగా ఉత్తరం రాశాము. ఇకపై వారు మీ పక్కన కూర్చోరాదని కూడా తెలిపాము.

కొత్త రెండో మనిషి పేరు పంపగలరు.

శాంతి కోరే
సంజీవప్ప, కార్యదర్శి

తా.క.: ఎవరూ దొరకకపోతే ఆ సంగతి కూడా రాయగలరు.

*

ధర్మవరం,
జూన్ నెల, సోమవారం

కార్యదర్శి గారికి,

మీ ఉత్తరం పోతులయ్యకు ఎవరో చదివి వినిపించారు. నిన్న నన్ను చూసి గంప నెత్తికెత్తుకున్నాడు. "నా మింద అర్జీ పెడితివా ఈశ్వరప్పా? గాలం ఇయ్యమంటే ఇయ్యనా నేను? నోటితో అడగకూడదా?" అన్నాడు. అని గట్టు దిగి పోయాడు. ఇప్పుడు పెనుకొండ స్టేషన్లో అమ్ముకుంటున్నాడు. సాయంత్రం నేను బండెక్కుతుంటే కనబడ్డాడు. మొహం తిప్పుకున్నాడు.

కార్డు లేకుండా గాలం వేయనీయరు కాబట్టి నిన్న ఊరికే కూర్చుని వచ్చాను. పడినాయా అని అడిగేవాడు లేడు. గట్టు మీద నలుగురు ఉన్నారని మొదటి ఉత్తరంలో రాశాను గానీ, ఆ నలుగురూ ఎవరి గాలానికి కట్టిన బెండు వాళ్లు చూసుకునేవాళ్లే. నన్ను చూసేవాడు పోతులయ్య ఒక్కడే అని ఆయన గట్టు దిగి వెళ్లిపోయాక తెలిసింది.

చేపలను కాపాడండి, సంతోషం. ఉన్న ఒక్క పలకరింపు పోగొట్టుకున్నాను. ఇంక నేను రాను. కొత్త పేరు పంపను. నాకు ఎవరూ లేరు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఈశ్వరప్ప

తా.క.: మీ చెయ్యి గోడ మీద నుంచి తీయలేదు. తీస్తే గోడ బోసిగా ఉంటుంది.

*

హిందూపురం,
జూన్ నెల, గురువారం

ఈశ్వరప్పన్నా,

ఇది కార్యవర్గం తరఫున రాసే ఉత్తరం కాదు. కార్యవర్గం లేదు. ఒకప్పుడు ఉండేది. కొందరు పిల్లల చదువులకని బెంగళూరు పోయారు, కొందరి ఇళ్లలోకి కేబుల్ టీవీ వచ్చింది, అధ్యక్షుడు నంజుండప్ప పోయిన ఏడాది కాలం చేశాడు. నీ మీద జాలిపడిందీ నేనే, పట్టుబట్టిందీ నేనే, కాఫీ తాగిందీ నేనే. ఏకగ్రీవం ఎట్లా కుదిరిందో ఇప్పుడు నీకు తెలిసిపోయింది.

చేపల నిబంధనలన్నీ నంజుండప్ప రాసి పెట్టి పోయినవే. చెరువులో కొరమీను కనబడటం మానేసిందని ఆయనకు చివరి దాకా దిగులు. ఏడోది ఒక్కటే నాది. దాన్ని నేను చేపల కోసం రాయలేదు.

అన్నా, గాలం సంఘానికి ఇన్నేళ్లు కార్యదర్శిగా ఉన్నానే గానీ నేను ఒక్క రోజూ గాలం వేయలేదు. నాకు రాదు. చేపను చూస్తే జాలి, వానపామును చూస్తే భయం. నంజుండప్ప గాలం వేసేవాడు, నేను పక్కన కూర్చునేవాణ్ణి. అంతే నా పని. ఆయన పోయాక ఉండబట్టలేక ఒకసారి గట్టుకు పోయాను. వట్టి చేతులతో నిలబడ్డవాణ్ణి చూసి "ఏం కావాలప్పా?" అని అడిగారు. పక్కన కూర్చోవడం కావాలని ఎట్లా చెప్పను? వెనక్కొచ్చేశాను. వచ్చి ఏడో నిబంధన రాశాను. రెండో మనిషి ఉండి తీరాలంటే, మనిషి లేనివాడు ఎవడో ఒకడు సంఘాన్నే అడుగుతాడని ఆశ.

నువ్వు రాశావు. ఆ పూటే నేనొస్తానని రాయాల్సింది. రబ్బరు స్టాంపు ఎదురుగా పెట్టుకుని ఆ మాట రాయడానికి సిగ్గేసింది. అంతలో నువ్వు పోతులయ్యను చూసుకున్నావు. కార్డు తప్పుగా రాయడం తొందరపాటే గానీ, దాన్ని రద్దు చేసేటప్పుడు నా మనసులో కొంచెం సంతోషం ఉంది. దానికి నన్ను క్షమించు.

నిన్న పెనుకొండ స్టేషన్లో పోతులయ్యను కలిసి తప్పంతా నాదని చెప్పాను. "అట్లయితే ఆయప్పనే వచ్చి మాట్లాడమను. నాకు ఉత్తరాలు వద్దు" అన్నాడు. నాకు మాత్రం శెనక్కాయలు అమ్మాడు.

ఆదివారం నువ్వు ధర్మవరం నుంచి దిగు, నేను హిందూపురం నుంచి దిగుతాను. నిన్ను నేను గుర్తుపట్టలేను, నువ్వు నా చెయ్యి చూసి గుర్తుపట్టు. ఇద్దరం పోతులయ్య దగ్గరికి పోయి, రమ్మని బతిమాలి, తర్వాత చెరువుకు పోదాం. నువ్వు మాట్లాడమంటే మాట్లాడతాను, ఊరకుండమంటే ఊరకుంటాను. ఈ రెండూ నాకు బాగా వచ్చు.

నీ పక్కన కూర్చోవాలనుకునే
సంజీవప్ప

తా.క.: ఉత్తరం అంటించబోతూ బోర్డు నకలు చూశాను. ఈ ఆదివారం నుంచి వానాకాలం అయ్యేదాకా చేపలు గుడ్లు పెట్టే సమయం, చెరువులో ఎవరూ గాలం వేయకూడదు. నంజుండప్ప రాసింది, నేను మార్చలేను. గాలం ఇంట్లో పెట్టి రా.