డి డ్రైవ్ ఒక్కటి పక్కకు జరిగితే

ఆగస్టు 10, ఆదివారం

నిర్ణయం తీసుకున్నాను. ఈ నెలలోనే నా లైనక్స్‌కి చోటు పెంచుతాను.

మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే, కాపురాలు రెండు. ఆన్ చేయగానే ఎవరు కావాలని అడుగుతుంది. విండోస్ డయానాది, లైనక్స్ నాది. మా ఆవిడ డయానా పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. గుణదల నుంచి గన్నవరం దాకా ఆమె చేతి మీదుగా వెళ్లని పెళ్లికూతుళ్లు తక్కువ. నేను ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. లైనక్స్ నా సరదా. సరదా కాబట్టి డిస్క్‌లో చివరి మూల నాకిచ్చింది. ఆ మూల నిండిపోయింది. ఏ కొత్త ప్రోగ్రామ్ ఎక్కించబోయినా చోటు లేదంటోంది, పుష్కరాల బస్సులో కండక్టర్‌లా.

భోజనాల దగ్గర అడిగాను. ఒప్పుకుంది, షరతుల మీద:

– విండోస్ ఉన్న సి డ్రైవ్‌లోంచి ఎంతైనా తీసుకోవచ్చు.
– ఆల్బమ్‌లున్న డి డ్రైవ్‌ను ముట్టుకోకూడదు.
– ఏం చేసినా ముందు కాపీ తీయాలి.

"డిలో అక్షయ పెళ్లి ఉందండీ, గుర్తుపెట్టుకోండి," అంది. అక్షయ అంటే హనుమాన్ జంక్షన్‌లో టైర్ల కొట్టు రామకోటేశ్వరరావు గారి అమ్మాయి. మొన్ననే పెళ్లయింది. పదహారు రోజుల పండగ నాటికి ఆల్బమ్ వాళ్ల చేతిలో ఉండాలి.

అన్నిటికీ తలూపాను. ఇంత తేలికైన నిర్ణయం ఎప్పుడూ తీసుకోలేదు.

ఆగస్టు 11, సోమవారం

ఉదయం: సి డ్రైవ్‌ను కుదించమని విండోస్‌ను అడిగాను. లోపల సగం ఖాళీ. అయినా పిడికెడే ఇస్తానంది. కదలని ఫైల్ ఏదో అడ్డంగా కూర్చుందట.

సాయంత్రం: ఆ ఫైల్‌ను పట్టుకున్నాను. కంప్యూటర్ నిద్రపోయేటప్పుడు విండోస్ తన జ్ఞాపకాలన్నీ దాచుకునే మూట. ఆ సదుపాయం తీసేశాను. మళ్లీ అడిగితే మారుమాట లేకుండా చోటిచ్చింది. డయానాకి చూపించాను. బాగుంది, ఇక్కడితో ఆపండి అంది. ఆపడమా? రేపే గృహప్రవేశం.

ఆగస్టు 12, మంగళవారం

గృహప్రవేశం వాయిదా.

చోటు వచ్చింది కానీ రావలసిన పక్క రాలేదు. డిస్క్ అంటే వరస పోర్షన్ల ఇల్లు. మొదట సి, మధ్యలో డి, చివర నేను. ఖాళీ అయిన గది సికీ డికీ నడుమ ఉంది. దాన్ని నాలో కలుపుకోవాలంటే అది నా గోడ పక్కనే ఉండాలి. అంటే డి తన సామానంతటితో ఆ ఖాళీలోకి జరగాలి.

షరతు మళ్లీ చదువుకున్నాను. ముట్టుకోకూడదని ఉంది. జరపకూడదని ఎక్కడా లేదు.

ఆగస్టు 14, గురువారం

కాపీ సంగతి. డయానా కాపీలు దాచే పోర్టబుల్ డిస్క్ ఎలీషా దగ్గరుంది. అక్షయ పెళ్లి ఇంకా అందులోకి ఎక్కలేదు. ఎలీషా ఫొటోగ్రాఫర్. తీసేది అతను, పేర్చేది ఈమె. ఫోన్ చేస్తే ఏలూరులో పెళ్లిలో ఉన్నానన్నాడు, ఆదివారం డయానక్కకి ఇస్తానన్నాడు. అప్పటిదాకా ఆగడం ఉత్తమం. ఆగను అని కూడా ఇక్కడే రాస్తున్నాను, డైరీతో అబద్ధం దేనికి.

నెట్‌లో చదివాను. డ్రైవ్ జరపడం అందరూ చేసే పనేనట. మధ్యలో కరెంటు పోకపోతే చాలు. మనకి యూపీఎస్ ఉంది.

అంత శ్రద్ధగా ఏం చదువుతున్నారని డయానా అడిగింది. ప్రకాశం బ్యారేజీ నీటిమట్టం అన్నాను. ఇరిగేషన్ ఉద్యోగానికి ఇదొక సుఖం.

ఆగస్టు 17, ఆదివారం

ఉదయం: కొత్త పెళ్లి ఒకటి మాట్లాడుకోవడానికి డయానా, ఎలీషా చల్లపల్లి వెళ్లారు. డ్రైవ్‌లు జరిపే ప్రోగ్రామ్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి పని మొదలుపెట్టాను. డి మెల్లగా జరుగుతోంది. తెర మీద పచ్చగీత చీమలా పాకుతోంది. మధ్యలో ఆపితే డేటా పోతుందని హెచ్చరిక వచ్చింది. ఎవరు ఆపుతారు?

మధ్యాహ్నం: రాయడానికి చెయ్యి రావడం లేదు.

పునుగులు తెచ్చుకుందామని వీధి చివరికి వెళ్లాను. అంతలో మా అత్తగారు తెరేసమ్మ గారు వచ్చారు. పక్క వీధిలోనే ఉంటారు, మా ఇంటి తాళంచెవి ఆవిడ దగ్గరొకటి ఉంటుంది. మనిషి లేని గదిలో ఫ్యాన్ తిరగడం ఆవిడ లెక్కలో పాపం. ఫ్యాన్ కట్టేశారు, లైటు కట్టేశారు, గోడ మీద కంప్యూటర్ స్విచ్ కట్టేశారు. నేను నమ్ముకున్న యూపీఎస్ తన ధర్మంగా కీచుకీచుమంది. దాన్నీ కట్టేశారు.

"ఒకటే అరుస్తోంది బాబూ, కాలిపోద్దేమోనని ఆపేశా," అన్నారు.

పునుగుల పొట్లం ఆవిడ చేతిలో పెట్టాను. ఇంకేం చేయను?

మళ్లీ ఆన్ చేశాను. విండోస్ వచ్చింది. లైనక్స్ కూడా వచ్చింది. డి రాలేదు. దాని మీద నొక్కితే, ఫార్మాట్ చేయమంటారా అని మర్యాదగా అడిగింది.

సాయంత్రం: అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. వైరస్, కరెంటు, పాత డిస్క్, అత్తగారు. చివరిదానిలో కాస్త నిజం ఉంది కాబట్టి దానికే ఎక్కువ సిగ్గేసింది. డయానా రాగానే ఉన్నదంతా చెప్పేశాను.

"కాపీ తీశారా?" అంది.

"లేదు."

ఎలీషాకి ఫోన్ చేసింది. కెమెరా కార్డులు తర్వాతి పెళ్లి కోసం చెరిపేశానన్నాడు. ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చుంది.

"నిన్న అక్షయ ఫోన్ చేసిందండీ. వాళ్ల నాయనమ్మ ఫొటో ఒక పేజీ నిండా వేయమంది. పెళ్లయిన మూడోరోజే ఆవిణ్ని ఆస్పత్రిలో చేర్చారంట. అంతకు ముందు ఆవిడ ఫొటో దిగిందే లేదంట," అంది.

 

ఆగస్టు 18, సోమవారం

సెలవు పెట్టాను. చెదిరిన డిస్క్‌ను జల్లెడ పట్టి ఫొటోలు ఏరే ప్రోగ్రామ్ లైనక్స్‌లో ఒకటుంది. ఆ మాట డయానాతో అనబోయి నోరు మూసుకున్నాను. లైనక్స్‌ను పొగడాల్సిన రోజు కాదు.

ఎలీషా ఇచ్చిన పోర్టబుల్ డిస్క్ తగిలించి వదిలాను. సాయంత్రానికి ఫొటోలు రావడం మొదలైంది. వరదలా వచ్చాయి. పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. కొన్ని రెండేసిసార్లు వచ్చాయి. పాత పెళ్లిళ్లన్నీ ఒకే పందిట్లో కలిసిపోయాయి. కంకిపాడు వరుడి పక్కన హనుమాన్ జంక్షన్ వధువు. డయానా అంతవరకు పేర్చిన పేజీలు మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు.

ఆగస్టు 20, బుధవారం

ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఏరుతున్నాం. నాకు అన్ని పెళ్లిళ్లూ ఒకేలా ఉన్నాయి. ఆమె పందిరి తెర అంచు చూసి, పూలజడ అల్లిక చూసి, ఇది వీళ్లది, ఇది కాదు అంటోంది. రెండేళ్ల కిందటి పెళ్లి పంతులు గారి ఉంగరం కూడా గుర్తుంది. నా పక్కన ఇన్నాళ్లుగా ఈ పని జరుగుతోందని నాకు తెలుసు. ఇంత పని అని తెలియదు.

ఫొటోల గురించి తప్ప మాట్లాడటం లేదు.

సాయంత్రం రావమ్మ గారు దొరికారు. అక్షయ నాయనమ్మ. అక్షింతలు పట్టుకుని, ఎవరి మీదో కోప్పడుతూ ఉన్నారు. డయానా ఆ ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది. తర్వాత లేచి టీ పెట్టింది. రెండు కప్పులు.

ఆగస్టు 22, శుక్రవారం

ఆల్బమ్ మళ్లీ పేర్చింది. భోజనాల పేజీ ఒక్కటి నాకు అప్పగించింది. ల్యాబ్‌లో ఇచ్చి వచ్చాను. పార్టిషన్ అన్న మాట ఈ జన్మలో ఎత్తను.

ఆగస్టు 24, ఆదివారం

హనుమాన్ జంక్షన్ వెళ్లాం. పదహారు రోజుల పండగ. రావమ్మ గారు ఆస్పత్రి నుంచి వచ్చేశారు, మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. ఆల్బమ్ ఆవిడ ఒళ్లోనే తెరిచారు. తన ఫొటో చూసుకుని, నేనిట్టా ఉంటానా అన్నారు. అక్షయ కళ్లు తుడుచుకుంది. నాకు కాస్త ఊపిరాడింది.

అప్పుడు భోజనాల పేజీ వచ్చింది. నా పేజీ.

నడిమధ్యన ఒక పెద్దాయన. తెల్ల మీసాలు, చేతిలో జాంగ్రీ, ముఖమంతా నవ్వు. డయానా నా వైపు చూసింది. ఆ చూపుతో తెలిసింది, ఆయన కంకిపాడు పెళ్లి మనిషి.

రామకోటేశ్వరరావు గారు వంగి చూశారు. మగపెళ్లివారి తాలూకా అయి ఉంటారన్నారు. వియ్యంకుడు గారు కళ్లజోడు సర్దుకుని, అబ్బే మీ వైపేనండీ, మర్యాదకి మేం అడగలేదు అన్నారు. రెండు వైపుల ఆడవాళ్లూ చుట్టూ చేరారు. బాబాయి అన్నారు, తోడల్లుడి అన్న అన్నారు. నేను చెప్పేద్దామని నోరు తెరిచాను. డయానా నా కాలు తొక్కింది.

చివరికి ఆల్బమ్ రావమ్మ గారి ముందుకు తిరిగి వచ్చింది. ఆవిడ దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఎవరైతే ఏంటే? ఇంతమందిలో మన వంట మెచ్చుకుంటా తిన్నది ఈయనొక్కడే. ఉండనీయండి," అన్నారు.

అందరూ ఒప్పుకున్నారు. ఆయన అక్కడ స్థిరపడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ వెనక నుంచి డయానా నవ్వడం వినిపించింది. గన్నవరం దాటేదాకా ఆపలేదు. ఇంటి దగ్గర దిగి, మీ పేజీయే హిట్టండీ అంది.

ఆగస్టు 31, ఆదివారం

డయానా తనకోసం వేరే డిస్క్ కొనుక్కుంది. పాస్‌వర్డ్ పెట్టింది, నాకు చెప్పలేదు. పాత డిస్క్ మొత్తం నాకే వదిలేసింది. ఇప్పుడు ఎవరి పోర్షన్‌తోనూ నాకు పని లేదు. పిల్లాడికి పెరడంతా రాసిచ్చినట్టుంది.

ఉదయం నా లైనక్స్‌ను హాయిగా పరిచాను. పక్కనే ఇంకో రకం లైనక్స్ కూడా పెట్టి చూశాను, ఊరికే, తేడా తెలుస్తుందని. మధ్యాహ్నం మూడో రకం. బాగుంది. కాకపోతే మూడోదానికి చోటు కొంచెం ఇరుకైంది. మొదటిదాన్ని కుదించాను. ఖాళీ మళ్లీ అవతలి పక్క వచ్చింది.

నిర్ణయం తీసుకున్నాను. మధ్యలోదాన్ని జరుపుతాను. ఈసారి కాపీ తీశాకే. కాపీకి చోటు కావాలి, డయానా కొత్త డిస్క్‌లో బోలెడంత ఉంది.

రేపు టిఫిన్ దగ్గర అడుగుతాను. ముందు ఇడ్లీ బాగుందని చెప్పాలి.