దేవదానానికి అమ్మిన ఇల్లు

సూర్యాపేట, 1949
బుధవారం

ఇల్లు అమ్మేశాను. బడిపంతులు దేవదానానికే అమ్మాను. పొద్దున కాగితం మీద సంతకం చేస్తుంటే మా మరిది రంగయ్య వాడ పెద్దల్ని వెంటబెట్టుకొని వచ్చాడు.

"వదినా, మన వాడల కిరస్తానపోళ్లను పెడ్తవా? మేం తలెట్ల ఎత్తుకోవాలె?" అన్నాడు.

"నా నగలమ్మి కట్టించుకున్న ఇల్లు. ఎవరికమ్మాల్నో నువ్వు చెప్పేదేంది? తలెత్తలేకుంటే దించుకొనే నడువు," అన్నాను.  సంతకం పూర్తిచేశాను.

"అమ్ముకో. బాయి నీళ్లు మాత్రం ముట్టనియ్యం," అన్నాడొక పెద్దమనిషి. పెరట్లోని ఆ బావి కూడా ఇంటితోపాటే అమ్మాను కదా!

దేవదానం వెనకాడాడు. "అమ్మా, మాతోని మీకు పరేషాన్ ఎందుకు? ఇంకో తావుల సూసుకుంటం," అన్నాడు. ఆయన భార్య మరియమ్మ మాత్రం పెరట్లోకి వెళ్లి, అందరూ చూస్తుండగానే నీళ్లు చేదింది. నేను అడిగి మరీ ఆ నీళ్లు తాగాను. రంగయ్య ముఖం తిప్పుకొని వెళ్లిపోయాడు.

ఎల్లుండి మిర్యాలగూడ ఆడపిల్లల బడిలో నేను పనిలో చేరాలి. నేను పోయాక వీళ్లను ఇక్కడ బతకనిస్తారా? సాయంత్రమంతా అదే ఆలోచన...

చివరికి అడిగాను. "మరియమ్మా, ముందర అర్ర నాకు నెల రోజులు కిరాయికిస్తవా?"

"మీ ఇల్లే కదమ్మా!"

"కాదు బిడ్డా, నీ ఇల్లు. అందుకే అడుగుతున్న."

నెల తర్వాత చేరతానని మిర్యాలగూడ బడికి ఉత్తరం రాశాను. ఆ ఉద్యోగం నాకోసం ఆగుతుందో లేదో తెలియదు. ఎల్లుండి ప్రయాణానికి మాట్లాడిన బండి మాత్రం రావద్దని కబురు పంపాను.