మధ్యలో మనిషి

వదినకు,

నమస్కారాలు. అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నా ఆరోగ్యం బాగానే ఉంది. మిగతా క్షేమసమాచారం కొంచెం నెమ్మదిగా రాస్తాను, తొందరపెట్టకు.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో అయితే నేను "హలో" అనగానే గొంతును బట్టి కనిపెట్టేస్తావు. కాగితంతో ఆ భయం లేదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. కౌన్సెలింగ్ అంటూ ఎదురుగా కూర్చుని ఊ కొట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని మీ పక్కింటావిడ అడిగిందన్నావు. ఉద్యోగమేనని చెప్పు. ఊ కొట్టకుండా వినడం ఇంకా కష్టమని కూడా చెప్పు. గది మారావా అన్నావు. లేదు, ఇంకా ఆ పళ్ళ డాక్టరు పై అంతస్తులోనే. కింద ఆయన మిషను గుయ్‌మన్నప్పుడల్లా, పైన మనసు విప్పబోతున్నవాళ్ళు దవడ పట్టుకుంటారు. మా ఆయన కబుర్లేవీ రాయడం లేదేమని కూడా అడిగావు. దానికీ వస్తాను.

ఈమధ్య నన్ను తినేస్తున్న సంగతి ఒకటుంది. పేర్లు చెప్పను, గుర్తుపట్టే వివరాలు కూడా మార్చేశాను. కళ్ళద్దాల కొట్టున్న ఒకాయన కూతురు నా దగ్గరికి వస్తోంది. తండ్రి కొట్టులోనే పనిచేస్తుంది. అది మానేసి వేరే ఉద్యోగంలో చేరాలని ఆశ. ఆ మాట నాన్నతో అనాలనుకుంటే చాలు, ఊపిరాడదు, చేతులు చల్లబడిపోతాయి. మాకు శిక్షణలో ఒక పద్ధతి నేర్పారు. ఎవరితో చెప్పలేకపోతున్నారో, వాళ్ళు ఎదురుగా ఖాళీ కుర్చీలో ఉన్నట్టు ఊహించుకోమని మాట్లాడించడం. బయటినుంచి ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి వేసి, "అదిగో, మీ నాన్నగారు. చెప్పమ్మా" అన్నాను. ఆ పిల్ల చటుక్కున లేచి నిలబడింది.

"కూర్చునే చెప్పొచ్చు" అన్నాను.

"నాన్న ముందు కూర్చోనండి."

"ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు. కూర్చో."

నా మాట కాదనలేక కూర్చుంది. పెదవి మాత్రం విప్పలేదు. తర్వాతి వారం రానేలేదు. మాకొక సీనియరు ఉంది, తల నెరిసిన మనిషి, మేం చేసే పొరపాట్లు దిద్దడమే ఆవిడ పని. అంతా విని, "ఆ పిల్ల నిలబడితే నువ్వెందుకు కూర్చోబెట్టావు? ఒక నాన్నకే భయపడి చస్తుంటే, నువ్వు ఇంకో నాన్నవయ్యావు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చేసరికి ఆ కుర్చీ తీసేశాను. "మీ ఇంట్లో నాన్నగారికి ఏదైనా చెప్పాలంటే ఎలా చెప్తారు?" అని అడిగాను. "మా మేనత్త చేత చెప్పిస్తామండి" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు. ఆ మేనత్త తండ్రికి అక్క, వాళ్ళతోనే ఉంటుంది. మన ఇళ్ళల్లో మాట తిన్నగా వెళ్ళదు, చుట్టూ తిరిగి వెళ్తుంది. ఇది నాకు తెలియనిదా! పిల్ల సరేనన్నాక పెద్దావిడను కూడా రమ్మన్నాను. దారి దొరికిందని లోలోపల పొంగిపోయాను.

"మీరు చెప్తే తమ్ముడుగారు వింటారటగా?" అన్నాను.

"వింటాడమ్మా. విని, తిట్టేది నన్ను" అని నవ్విందావిడ. నవ్వుతూనే, "వీళ్ళమ్మ మాటా నేనే చెప్పాలి, దీని మాటా నేనే చెప్పాలి, వాడి మాట వీళ్ళకీ నేనే చెప్పాలి. అందరూ నా నోటితో మాట్లాడేవాళ్ళే. నేనేదైనా చెప్పుకోవాలంటే ఎవరి నోరు తెచ్చుకోను?" అంది.

ఆ నవ్వు అలాగే ఏడుపైపోయింది. పిల్ల బిత్తరపోయి చూసింది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఇది ఆ అమ్మాయి రావలసిన గంట. రాలేదు, కబురూ లేదు. ఆ ఇంట్లో ఉన్న ఒక్క దారినీ నేనే మూసేశానేమోనని భయంగా ఉంది వదినా.

ఆ పిల్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేక నీకు రాస్తున్నాను. ఇక దాచలేను. మా ఆయన ఇంట్లో లేరు. వానలు మొదలుకాకముందే వెళ్ళిపోయారు. ఇక కలిసి ఉండలేమని ఇద్దరం అనుకున్నాం. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. మాటలు అయిపోయాయి, అంతే. పగలంతా ఊళ్ళో మొగుడూపెళ్ళాల చేత మాట్లాడించి, ఇంటికొచ్చి నేను తలుపేసుకుని పడుకునేదాన్ని. ఆయన మాత్రం ఎన్నాళ్ళని గోడతో మాట్లాడతారు? అమ్మ ఫోన్ చేసి "అల్లుడు భోంచేశాడా?" అన్నప్పుడల్లా చేశారనే చెప్తున్నాను. ఎక్కడ తింటున్నారో, ఏం తింటున్నారో నాకు తెలియదు. చాలా బెంగగా ఉంది.

నిజం చెప్పొద్దూ, కాగితం తీసింది ఈ మాట నీ చేత అమ్మకు చెప్పిద్దామనే. మాకు అలవాటైపోయింది. అన్నయ్య ఉద్యోగం పోయినప్పుడు అమ్మకు చెప్పింది నువ్వు. నేను ఈయన్నే చేసుకుంటానన్న మాటా నువ్వే చెప్పావు. అప్పుడు అమ్మ మాట్లాడటం మానేసింది నాతో కాదు, నీతో. నేనేమో "వదిన ఉంది కదా, చూసుకుంటుంది" అని నిశ్చింతగా తిరిగాను. ఇందాక కలం పట్టుకోగానే ఆ పెద్దావిడ నవ్వు చెవిలో పడింది. చెయ్యి ఆడలేదు.

అందుకని అమ్మకు నువ్వేమీ చెప్పకు. నెలాఖరుకు నేనే వచ్చి చెప్తాను. ఆవిడ ఎదుట గొంతు పెగులుతుందో లేదో తెలియదు, అయినా చెప్తాను. తిడితే నన్నే తిట్టనీ. నువ్వు మధ్యకు రావద్దు. ఆ పూట బయటికి పోవాలనిపిస్తే హాయిగా పో, ఎవరూ ఏమీ అనుకోకుండా నేను చూసుకుంటాను.

నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అమ్మ మోకాళ్ళు, అన్నయ్య బదిలీ, పిల్లల పరీక్షలు, కారుతున్న వంటింటి కుళాయి అన్నీ ఉన్నాయి. నీ గురించి ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్ళలో నేను అడిగిన గుర్తూ లేదు.

నువ్వెలా ఉన్నావు వదినా?

ఇట్లు,
నీ ఆడపడుచు