సోంబరు సెలవిచ్చునదేమనగా

ముంచింగిపుట్టు బడి,
1925 నవంబరు.

నన్ను తల్లిలా పెంచిన సవరమ్మక్కకు నీ తమ్ముడు యెహోషువ చేతులు జోడించి రాసే ఉత్తరం. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ బడిపిల్లలూ బాగున్నాం. నువ్వూ బావా పిల్లలూ క్షేమమని తలుస్తాను.

చలిజ్వరం తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఆ మందు చేదే ఇంకా నాలుక వదల్లేదు. బావ పంపిన కంబళి అందింది. ఇక నీ మూడో ప్రశ్న, "మిషను దొరసాని దగ్గర అంత ఇంగ్లీషు నేర్చావు, దొరలతో మాట్లాడుతున్నావా?" అన్నది. దానికి జవాబు రాయలేకే, అక్కా, రెండు వారాలు ఈ కాగితం ముట్టలేదు.

ఇక్కడ సోంబరు అని ఓ కొండరైతు ఉన్నాడు. సామలు కోతకొచ్చిన వేళ అతన్ని ఘాటీ రోడ్డు వెట్టికి రమ్మన్నారు. భార్య కనకకు నెలలు నిండాయి. "కాన్పయ్యేదాకా ఒగ్గీమని దొరకి రాయి బాబూ" అని నా దగ్గరికొచ్చాడు. కొండమీద ఒక కట్టడి ఉంది. ఒకరి మాట మోస్తానన్నవాడు వాళ్ల అంబలి తాగాలి, జవాబు వచ్చేదాకా ఆ మనిషి పక్కనే నిలబడాలి. నేను తాగాను.

రాశాను కూడా, ఇంగ్లీషులో. నాకొచ్చిన ఇంగ్లీషంతా దొరసానిగారి పాత బైబిలుదే కదా! అందులో దేవుడు మాట్లాడితే 'సెయిత్' అని ఉంటుంది. అంతకన్నా గౌరవమైన మాట నాకు తెలియదు. 'సోంబరు సెలవిచ్చునదేమనగా' అని అర్థమొచ్చేలా ఆ మాటతోనే మొదలుపెట్టి, మురిసిపోయి, మూడుసార్లు చదువుకున్నాను.

సంతరోజున, రోడ్డు పని చూసే దొర క్యాంపులో, గుమాస్తా జగన్నాథరావు అది పైకి చదివి పగలబడి నవ్వాడు. "మూడొందల ఏళ్లనాటి మాటయ్యా ఇది! ఇప్పుడెవడు రాస్తాడిలా? ఈ కొండవాడేమైనా ప్రవక్తా?" దొర మాత్రం నవ్వలేదు. మన్యంలో తెల్లవాళ్ల మీద లేచిన ఫితూరీ అణిగి ఏడాదే అయింది. దేవుడిలా మాట్లాడే కొండవాడంటే వాళ్లకు ఒళ్లు మంట. "ఎవడు రాశాడిది?" అని అరిచాడు.

నేను సోంబరు పక్కనే ఉన్నాను. ఉద్యోగం పోతుందని భయం, నవ్వుతారని సిగ్గు. గుమాస్తా నా వంక చూసి, "నువ్వేనా మాస్టారూ?" అన్నాడు.

"కాదండీ" అన్నాను.

వేలిముద్ర తప్ప అక్షరం ఎరగని సోంబరు ముందుకొచ్చాడు. "నానే రాసినాను బాబూ. మాస్టరుకేటీ తెల్దు."

అందరూ మళ్లీ నవ్వారు. దొర అతనికి నెల రోజుల వెట్టి వేసి, అటునుంచటే ఘాటీకి తోలించాడు.

మొన్న కనకకు ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి వెళ్తే, పచ్చి బాలింత, లేచొచ్చి నాకే అంబలి పోసింది. "బేగి ఒగ్గేత్తారని ఆ కాయితంలో రాసినావు గదా బాబూ, ఇంకా రాలేదేటి?" అంది. నేను తాగలేకపోయాను. యేసును ఎరగనని పేతురు బొంకిన కథ ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేది నేనే. సిగ్గుమాలిన బతుకక్కా నాది.

రేపు దొర మళ్లీ ఇక్కడికి వస్తున్నాడు. ఈసారి అర్జీ తెలుగులోనే రాశాను, మనం మాట్లాడుకునే తెలుగులో. పాతది రాసింది నేనేననీ, ఆ రోజు అబద్ధమాడాననీ మొదటే పెట్టాను. బడి పోతే నీ గుమ్మంలోకే వస్తాను. తిట్టు, కానీ అన్నం పెట్టు. రేపు క్యాంపుకు వెళ్లే దారిలో ధైర్యం జారిపోతుందేమోనని, ఈ ఉత్తరం కన్నా ముందు ఆ అర్జీ కిందే సంతకం చేశాను.

ఇట్లు,
నీ చేతి అన్నం తిని పెరిగిన తమ్ముడు,
యెహోషువ