వామనగుంటలకు జోడీ కావలెను

సెమరాంగ్, మంగళవారం

సంఘం యాప్ చేసిన ఆఫీసు వారికి,

నమస్కారం. నా పేరు వార్తిని. తపాలా ఆఫీసులో ముప్పై ఒక్కేళ్లు ఉత్తరాలు వేరుచేసిన చెయ్యి, ఫోను మీద నడవదు. మా రిటైరైనవాళ్ల సంఘం పెట్టిన సుకేసి పోయి ఏడు నెలలు. నాతో వామనగుంటలు ఆడేది తనే. ఒక్కదాన్నే ఆడబోతే ఏడుపొస్తోంది. మీ యాప్‌ని "వామనగుంటలు ఆడేవాళ్లెవరు?" అనడిగాను. "ఆరు" అంది. సంఘం గోడమీది జాబితాలో ఆరో పేరు హర్సోయో గారు. పీట, ఆడే గవ్వల సంచీ చంకనబెట్టుకుని వెళితే, అమ్మడానికొచ్చాననుకుని "వద్దమ్మా" అని తలుపేసేశారు.

ఇట్లు, వార్తిని

తా.క.: మళ్లీ తలుపు తట్టాను. ఈసారి కుక్కొచ్చింది.

*

వార్తిని గారికి,

సేనో నమస్కారాలు. ఆ యాప్ రాసింది నేనే. మా ఆఫీసుకి ఉత్తరం రావడం ఇదే మొదలు. కోర్టు నోటీసనుకుని మా బాసు మంచినీళ్లు తాగారు. మేం జాబితాల్ని సున్నా నుంచి లెక్కపెడతాం. మొదటి పేరు సున్నా. ఆరు అంటే మీ లెక్కలో ఏడు. ఒక పేరు ముందే ఆగిపోయారు.

విధేయుడు, సేనో

తా.క.: ఇదేం లెక్కని మా అమ్మ కూడా తిట్టింది.

*

సేనో బాబుకు,

ఆశీస్సులు. సున్నా నంబరు గూట్లో నేనేనాడూ ఉత్తరం వెయ్యలేదు. అయినా నీ మాట విని ఏడో ఆవిడ దగ్గరికెళ్లాను. ఆవిడ గవ్వల దండలు గుచ్చుతుందిట. నా గవ్వలు చూసి ముచ్చటపడి సూది తెచ్చింది.

వార్తిని

తా.క.: ఎవరూ లేకపోతే లేరని చెప్పమను. ఏడ్చినా నా ఇంట్లో చూసేవాళ్లెవరు?

*

వార్తిని గారికి,

నిజం చెప్పేస్తాను. ప్రోగ్రాముల్లో పేర్లు వెతికేందుకని సిద్ధంగా అమర్చిన పద్ధతొకటి ఉంటుంది. వరుసగా చూసి, లేకపోతే లేదని మొహాన కొడుతుంది. అంతటా ఏఐ ఉండాలని బాసు పట్టుబడితే, దాన్ని తీసేసి ఏఐని కూర్చోబెట్టి "నువ్వే ఆ పద్ధతివి అనుకుని నటించు" అన్నాను. లేదనడానికి దానికి మొహమాటం. ఆవిడ అభిరుచుల్లో గవ్వలు కనబడగానే ఆవిణ్ణి చూపించేసినట్టుంది. మొదటినుంచి ఒక్కొక్కటే చూడమని నిన్న గట్టిగా మందలించాను. మళ్లీ అడగండి.

సేనో

తా.క.: మందలిస్తే క్షమించమని మూడుసార్లు అడిగింది. నన్ను క్షమించమని ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో!

*

సేనో బాబుకు,

అడిగాను. "సున్నా" అంది. నీ లెక్కన మొదటి పేరు. గోడమీద మొదటి పేరు సుకేసిదే, ఇంకా కొట్టెయ్యలేదు. యంత్రం ఈసారి నిజమే చెప్పింది నాయనా. వామనగుంటలు ఆడే మనిషి తనొక్కతే. పీట బీరువా మీదికెక్కించాను. ఇక రాయను.

వార్తిని

తా.క.: దాన్నిక తిట్టకు.

*

వార్తిని మామ్మగారికి,

పీట దించండి. సున్నా సుకేసి గారు కాదు. పరీక్షించడానికి యాప్‌లో అందరికంటే ముందు నా పేరే రాసి, తీసెయ్యడం మరిచిపోయాను. అభిరుచి అన్నచోట "వామనగుంటలు, నానమ్మతో" అని రాసుకున్నాను. ఆవిడ పోయి మూడేళ్లు. ఈ ఊళ్లో అద్దెగదిలో ఉంటాను. ఆదివారాలు నోరు విప్పే పనే ఉండదు. ఈ ఆదివారం తినడానికి వేయించిన లుంపియా చుట్టలు పట్టుకుని వస్తాను. ఓడిపోతే అలగకూడదు.

మీ సేనో

తా.క.: సున్నాలో నేనున్నానంటే మీ లెక్కే సరి, ఆరు హర్సోయో గారే! ఆయన పళ్ల డాక్టరట, పళ్లలో గుంటలు పూడుస్తారు. ఏఐకి కనబడింది గవ్వలు కాదు, ఆ గుంటలే. మీ వీధిలో మీది తొమ్మిదో ఇల్లు కదూ? ఒకటి నుంచే లెక్కపెట్టుకుంటూ వస్తాను. కుక్కొస్తే నాదే తప్పు.