ఏసీ గదిలో పాము

మలాజ్, గురువారం రాత్రి

పుస్తకాల షాపులో పని అని మాటిచ్చి ఏజెంటు కరీముల్లా నన్ను ఈ అరబ్బు దేశానికి తీసుకొచ్చి, నా చేతికి కారు తాళాలిచ్చాడు. పాతికేళ్లయింది. ఇప్పుడు నా వీసా చేతిలో ఉన్న యజమాని, కఫీల్ అంటారిక్కడ, అతని కొడుకు పెంచుకునే పాముకు తిండి పెట్టడం కూడా నా పనే. అది చస్తే నేను ఇంటికి వెళ్లడానికి కావాల్సిన ఎగ్జిట్ కాగితంపై సంతకం ఉండదని చెప్పి కఫీల్ జిజాన్ ఊరికి వెళ్లాడు. నెలరోజులుగా అది ఎలుకను ముట్టలేదు.

"అన్ని పుస్తకాలు సదివితివే అన్నా, దానికి చలి పెడతాండాదని తెలీల్యా? ఆ ఏసీ ఆపు," అంది వంటింట్లో పనిచేసే సుబ్బమ్మ.

ఆపాను. పాము తిండికని ఫ్రీజర్‌లో దాచిన ఎలుకను వేడినీళ్లలో ఉంచి, పాము పెట్టెలో వేసి, పైన తువ్వాలు కప్పాను. సాయంత్రానికి ఎలుక లేదు, పాము పొట్ట ఉబ్బి ఉంది. హమ్మయ్య, ఇక ఇంటికి వెళ్లొచ్చు.

పాము పగపడుతుందంటారు. దానికి నామీద పగేం లేదు. నా పగ కూడా దానిమీద కాదు, కరీముల్లా మీద.